డబ్బా మీద మూడక్షరాలు

"ఓఆర్‌ఎస్ ఇయ్యి నాయనా" అందావిడ. చంకలో రెండేళ్ల పిల్ల తోటకూర కాడలా వేలాడుతోంది. పొద్దుటి నుంచి ఆరు విరేచనాలట. మెడికల్ షాపు కుర్రాడు ఫ్రిజ్ తెరిచి యాపిల్ బొమ్మ వేసిన డబ్బా తీసిచ్చాడు. ఆవిడ కొంగుముడి విప్పి డబ్బులిచ్చి అక్కడే స్ట్రా గుచ్చింది. మూడేళ్ల కిందటి మాట. బీపీ మాత్రల కోసం పక్కనే నిలబడ్డ నేను నోరెత్తలేదు. అది ఓఆర్‌ఎస్ కాదని నాకూ తెలీదు మరి.

అసలు ఓఆర్‌ఎస్‌కు ఒక లెక్కుంది. లీటరు నీళ్లకు గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, మరో రెండు లవణాలు. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలత. ఆ డబ్బాల్లో చక్కెర అంతకు ఎన్నో రెట్లు. చక్కెర మోతాదు మించితే పేగు ఒంట్లో ఉన్న నీటినే లాగేసుకుంటుంది. విరేచనాలు ఇంకా ముదురుతాయి. హైదరాబాద్‌లో పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఎనిమిదేళ్లు పోరాడితే గానీ, 2025 అక్టోబరులో ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఆ డబ్బాల మీంచి ఓఆర్‌ఎస్ అన్న పేరు తీసేయమనలేదు.

అంతకుముందు, 2022లో, ఇదే సంస్థ ఏం చేసిందో చూడండి. పేరు ఉంచుకోండి, 'ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్‌ఎస్ కాదు' అని డబ్బా మీద వేస్తే చాలు అంది. తినేవాటి లేబుల్ ఇంగ్లిషులోనో హిందీలోనో ఉంటే సరిపోతుంది. తెలుగు తప్పనిసరి కాదు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్లలో అక్షరాస్యులు 59 శాతం. అదీ ఏదో ఒక భాషలో.

"జనానికి అవగాహన లేదండీ" అన్నది మన అధికారుల ఊతపదం. ఆవిడకు లేనిదేమిటి? బిడ్డకు ఏం పట్టాలో తెలుసు, పేరు పెట్టి మరీ అడిగింది. ఆ పేరు దొంగిలించినవాళ్లు, సరేనన్నవాళ్లు పెద్ద చదువులవాళ్లు. నేనూ మోసపోయాను కానీ, నాకు కడుపు చెడితే ఫోన్ చేయడానికి డాక్టరు మేనల్లుడున్నాడు. ఆవిడకున్నది ఆ షాపు కుర్రాడే.

ఈ పత్రిక చదవలేనివాళ్లు మీ ఇంట్లోనో పొలంలోనో పనిచేస్తుంటే ఈ ముక్క చెప్పండి: ఓఆర్‌ఎస్ కావాలంటే పొడి ప్యాకెట్ అడగాలి, డబ్బా కాదు. ఆశా కార్యకర్త దగ్గర ఊరికే ఇస్తారు. సర్కారు ప్యాకెట్ మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో కలపాలి, గ్లాసుకింత అని కాదు. కలిపింది ఆ రోజుకే.