5 రోజులలో 23 చోట్లా?

మా అక్క మనుమడు బెంగుళూరులో ఉద్యోగము చేస్తున్నాడు. వినయశీలి. తెలుగు తప్పుల్లేకుండా చదువగలడు. రెండవదానికి నేనే కారణమని నా నమ్మకము. పదవీవిరమణ చేసిన ఉపాధ్యాయులము ఎనిమిదిమందిమి సంక్రాంతి దాటినాక కోస్తా తీరము వెంబడి కళాయాత్ర ఒకటి చేయవలెనని అనుకొని, ప్రణాళిక వేసే భారము వాని మీద పెట్టినాము. రెండు రోజులలో పట్టిక పంపినాడు. తడ మొదలు ఇచ్ఛాపురము దాకా 5 రోజులు, 23 చోట్లు. ప్రతి ఊరి ఎదుటా నిమిషములు వేసినాడు. పెడనకు 40. ఏటికొప్పాకకు 30. నరసాపురము లేసుకు 20, అదీ "షాపింగుతో కలిపి". సాయంకాలములు మాత్రము సముద్రపు టొడ్డు విడుదులకు ధారాళముగా ఇచ్చినాడు.

పిల్లవానిని తప్పుపట్టడానికి ఇది వ్రాయడము లేదు. లోకములో ఉన్న నమూనాను వాడు దించినాడు, అంతే. కళాప్రియుల కోసమని పేరు పెట్టి ఎవరు వేసిన ప్రయాణ ప్రణాళికయైనా తీసి చూడండి, ఇదే వరుస. ఒక గుడి, ఒక బీచి, ఒక దుకాణము, ఒక భోజనము. నా తగవు ఆ నమూనాతో. కళను చూడడమంటే తయారైన వస్తువు ముందు కొంతసేపు నిలుచుండడమే అనుకొనే ఆ భ్రమతో.

సముద్రము మొగము చూడని యాడికివానికి ఈ తగవెందుకని కొందరు నవ్వవచ్చును. నిజమే, మాది వాన కోసము ఆకాశము వంక చూచే ఊరు. కాని నేను మగ్గమున్న ఇంట పుట్టినవాడను. 1973లో, నేను తొమ్మిదవ తరగతి చదివే రోజులలో, పట్నము నుండి ఒక బృందము మా వీధికి వచ్చింది. చేనేత చూడవలెనని వారి కోరిక. మా నాయన అప్పుడు గుంటమగ్గములో కూర్చుండి తెగిన పడుగు పోగు అతుకుతున్నాడు. ఆ పని చూడదగినదిగా వారికి తోచలేదు కాబోలు, "నేస్తూ ఉండండి, ఫొటో తీసుకొంటాము" అన్నారు. మర్యాదకు మా నాయన తెగిన పోగులు అట్లే వదిలి నాడె ఆడించినాడు. ఫొటోలు తీసుకొన్నారు, చీర వెల అడిగినారు, ఎక్కువన్నారు, పోయినారు. అంతా కలిసి పది నిమిషములు పట్టి ఉండదు. వారు పోయినాక ఆ నేసిన నాలుగంగుళములూ ఊడదీసి, పోగులతికి, మరల నేయడానికి ఆయనకు పొద్దు గూకింది. ఆ పూట అన్నానికి లేవలేదు. వచ్చినవారు దుర్మార్గులు కారు. కళాప్రియులే. వారి పట్టికలో మాకు పది నిమిషములు వ్రాసి ఉండినదేమో!

అందుకే "పెడన, 40 నిమిషములు" అన్న గడి చూచినప్పుడు నాకు మా నాయన వీపు కనబడింది.

పెడనలో 40 నిమిషములలో చూడగలిగినదేమి? ఒకడు కొయ్య అచ్చు రంగులో ముంచి గుడ్డ మీద కొట్టడము. ఆ చప్పుడు బాగుంటుంది, వీడియోకు పనికివస్తుంది. కాని కలంకారీ అక్కడ మొదలు కాదు, అక్కడ ముగియదు. గుడ్డను ముందు కరక్కాయ నీటిలో నానబెట్టి ఆరబెట్టవలెను. నలుపు కోసము ఇనుమును బెల్లపు నీటిలో రోజుల తరబడి ఊరబెట్టవలెను. ఎరుపు రావలసిన చోట అద్దేది ఎర్రరంగు కాదు, పటిక. దానిని రంగు చెక్కలతో కలిపి కాగులో ఉడికించినప్పుడే పటిక పడినచోట ఎరుపు నిలుస్తుంది. అంతదాకా ఆ పువ్వు గుడ్డ మీద ఉన్నదో లేదో చూచేవానికి తెలియదు, చేసేవానికే తెలుసు. మధ్య మధ్య పారే నీటిలో జాడించడములు, ఎండలో పరచడములు. ఇందులో ఏ ఒక్కటీ మన గడియారము ప్రకారము జరగదు. మబ్బు పట్టితే పని నిలుస్తుంది. ఇక అక్టోబరు, నవంబరు తుపాను నెలలలో పోయి, ఆరబెట్టిన గుడ్డలు కనబడలేదని నిట్టూర్చేవారికి ఏమి చెప్పగలము?

ఈ అద్దకముల కోసమే ఒకనాడు ఓడలు వచ్చినవి. 1611లో ఆంగ్లేయులు మచిలీపట్నములో వర్తకస్థానము పెట్టుకొన్నారు. ఈ సీమ అద్దకపు గుడ్డల ధాటికి తమ నేతగాండ్రు నిలువలేకపోతున్నారని 1686లో ఫ్రాన్సు, 1700లో ఇంగ్లండు నిషేధములు విధించుకొన్నవి. రెండు రాజ్యములు చట్టము చేసి ఆపవలసి వచ్చిన పనితనమునకు మనము 40 నిమిషములు కేటాయించి, పోతూ పోతూ దారి పక్క దుకాణములో యంత్రము మీద అచ్చువేసిన గుడ్డను కలంకారీ అనుకొని కొని, చవుకగా దొరికిందని సంబరపడుతున్నాము. చవుకగా దొరికిన ఆ గుడ్డయే పెడనలో అచ్చు పట్టినవాని కూలి కోస్తున్నది.

దారి సంగతికి వస్తాను. మావాడు గీసినది 16వ నంబరు జాతీయ రహదారి. ఫోను అదే చూపింది, త్వరగా పోతుంది గనుక. అది ఒంగోలు దాటినాక సముద్రమును విడిచి గుంటూరు, విజయవాడ, ఏలూరుల మీదుగా లోపలికి పోతుంది. కోస్తా యాత్ర అని పేరు పెట్టి నడిమి కోస్తానంతా తప్పించే దారి! ఒంగోలు వద్దనే చీలి చీరాల, బాపట్ల, మచిలీపట్నము, నరసాపురము, అమలాపురము, కాకినాడలను కలుపుకొని కత్తిపూడి వద్ద మరల పెద్దదారిలో కలిసే 216వ నంబరు దారి ఒకటున్నది. ఆలస్యమవుతుంది. కావలసినది ఆ ఆలస్యమే.

ఆ దారిన చీరాలకు ముందే చినగంజాము పక్కన మోటుపల్లి. వాని 23 చోట్లలో ఇది లేదు. అడిగితే "చూడ్డానికి ఏముంది తాతా, పాత గుడి, ఒక రాతి స్తంభము" అన్నాడు. 1244లో కాకతి గణపతిదేవుడు వేయించిన అభయశాసనము ఆ రాతి మీద ఉన్నది. గాలివానకు పగిలి ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును మునుపటి రాజులు బలాత్కారముగా తీసుకొనేవారు, మేము నియతమైన సుంకము తప్ప మరేమీ తీసుకొనము అని ఆ శాసనము పలుకుతుంది. కళాప్రియుడు ఆ రాతి ముందు ఒక గంట నిలువకుండా కోస్తా నేత గురించి, అద్దకము గురించి ఏమి తెలుసుకొంటాడు? సరకు సముద్రము దాటడానికి ఎవరో ఒకరు మాట ఇవ్వవలసి వచ్చింది, ఆ మాట అక్కడ ఉన్నది.

నరసాపురము లేసు మాట చెప్పకుండా ఉండలేను. పందొమ్మిదవ శతాబ్దిలో మిషనరీల వలన వచ్చిన ఈ అల్లిక అక్కడి స్త్రీల చేతులలో పరదేశములకు ఎగుమతి అయ్యే సరకైంది. మరియా మీస్ అనే జర్మను పరిశోధకురాలు వారి మధ్య తిరిగి 1982లో ఒక పుస్తకము వెలువరించింది. ఇంటి పని ముగించుకొని గంటల తరబడి అల్లే ఆ స్త్రీలను లోకము పనివారిగా లెక్కించలేదు, తీరిక వేళ ఏదో అల్లుకొనే గృహిణులుగానే లెక్కించింది, ఆ లెక్క వలననే వారికి దక్కే కూలి అంత అల్పమయిందని ఆమె వాదము. ఆ వాదము చదివినాక 20 నిమిషములలో లేసు బేరమాడి రావడము నా వల్ల కాదు.

ఉప్పాడ జాంధానీ సరేసరి. రెండు వైపులా ఒకే తీరున కనబడే బుటా కోసము పోగు పోగునూ చేతితో చొప్పించే నేత అది. ఆ ఊరి తీరమును సముద్రము ఏటేటా కోసివేస్తున్నది. ఇండ్లు పోయినవి, దారి పలుమారులు తెగింది. పట్టికలో అక్కడ వ్రాసినదేమో తెలుసునా? "సూర్యోదయము, ఫొటోలు."

ఇక మా వైపు నుండి వచ్చే ఆక్షేపణ. మా మిత్రులలో ఒకరు, "మనకు లేపాక్షి ఉన్నది, నిమ్మలకుంట తోలుబొమ్మలున్నవి, వాళ్ల కోస్తాకు మనమెందుకు పోవలె?" అని యాత్రనే మానుకొమ్మన్నారు. ఈ మాటా నాకు రుచించదు. నిమ్మలకుంటకు వారు ఎన్నిమారులు పోయినారని అడిగితే జవాబు లేదు. సీమ పేరు చెప్పుకొని ఇంట కూర్చోవడము కళాభిమానము కాదు. మా తాడిపత్రి పక్కన పారవలసిన పెన్న, నీరున్న ఏట, నెల్లూరు దాటి ఊటుకూరు వద్ద సముద్రములో కలుస్తుంది. ఆ కోస్తా మాది కూడా.

మరొక ఆక్షేపణ బలమైనది. గంటల తరబడి కూర్చుంటే పనివారికి విసుగు కాదా అన్నది. అవుతుంది. మా నాయన కొడుకుగా ఆ సంగతి నాకు బాగా తెలుసును. కనుక ముందుగా ఫోను చేసి, ఆ వారము ఏ పని నడుస్తున్నదో అడగవలెను. రావద్దంటే పోరాదు. పోయినచోట పని మధ్య మాటలాడక, మనకోసము ప్రత్యేకముగా ఏదీ చేసి చూపమనక, పోయిన పనివేళకు డబ్బిచ్చి రావలెను. టికెట్టు కొని సినిమా చూచేవారము, మనిషి పనిని ఊరక చూడవచ్చునని ఎక్కడ నేర్చినాము?

చివరకు 23 చోట్లు 8 అయినవి, 5 రోజులు 11 అయినవి. మొదటి రోజు తాడిపత్రి దాటము. పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుని గుడిలో పూర్తికాకుండా నిలిచిన గోపురములున్నవి. రాతిపని ఎట్లు సాగుతుందో చూడవలెనంటే ముగించిన గోపురము కంటె అవే మేలు. పిదప మోటుపల్లి, పెడన, నరసాపురము, ఉప్పాడ. కాకినాడ నుండి లోపలికి మరలి రాజమహేంద్రవరములో దామెర్ల రామారావు చిత్రశాలకు ఒక పూట. 1897లో పుట్టి 1925లో మశూచికి బలియైన ఆ చిత్రకారుడు 28వ యేటికే ఎంత పని చేసిపోయినాడో తెలియడానికి ఒక పూట చాలదు గాని, మాలో ఇద్దరికి మోకాళ్ల నొప్పులు. తరువాత ఏటికొప్పాక, అంకుడు కొయ్య తిరిగే వేడికి లక్క కరిగి అంటుకొనే చోటు. ఆఖరున పొందూరు. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వే స్త్రీల పక్కన కూర్చుండడము నా చిరకాలపు కోరిక.

ఎనిమిదిమందిలో ఇద్దరు తప్పుకొన్నారు. బీచిలు లేని కోస్తా ఏమి కోస్తా అని వారి అభిప్రాయము. మిగిలిన ఆరుగురికీ చిన్న బండి చాలును.

పెడనకు మూడు రోజులు కేటాయించి, నడిమి రోజును ఖాళీగా వదలమన్నాను. ఎండ కాయకుంటే ఆ రోజు అవసరపడుతుంది. "ఖాళీ గడిలో ఏమి వ్రాయాలి తాతా?" అని మనుమడు అడిగినాడు. ఏమీ వ్రాయవద్దు నాయనా అన్నాను. నిన్న సవరించిన పట్టిక పంపినాడు. ఆ గడిలో "విశ్రాంతి, మంగినపూడి బీచి" అని ఉన్నది. మరల ఫోను చేయవలెను.