మచ్చుతో కాపరం

బియ్యం కొట్టువాడు గుప్పెడు గింజలు తీసి మచ్చు చూపిస్తాడు. పంటికింద నలిపి చూస్తాం. బాగుంటే బస్తా బేరం చేస్తాం. అంతేగాని ఆ గుప్పెడూ కొంగున కట్టుకుపోయి, యెసట్లో పోసి, పెళ్లివారిని భోజనాలకు పిలిచే ఘనుణ్ణి మీరు చూసివుండరు. నేను చూశాను. ఒకణ్ణి కాదు, పదిమందిని. అయితే వారి మచ్చు బియ్యం కాదు, కంప్యూటరు సరుకు.

సర్వరు అంటే యేమిటో యీ రోజుల్లో చాలామందికి తెలుసు. ఆఫీసులో అందరి లెక్కలూ, కాగితాలూ ఒకచోట దాచి, అడిగినవారికి అడిగినట్టు అందించే పెద్ద గుమాస్తా అది. దాన్ని నడిపే ఆపరేటింగ్ సిస్టం మైక్రోసాఫ్టు వారిదైతే విండోస్ సర్వర్ అంటారు. ఖరీదైన వస్తువు. అంచేత కొనబోయేముందు చూసుకోండని కంపెనీవారు రెండు రకాల మచ్చు ఉచితంగా యిస్తారు.

ఒకటి ప్రివ్యూ. అంటే అన్నం యింకా పొయ్యిమీదే వుంది, మెతుకు పట్టి చూడమన్నమాట. రెండోది ఎవాల్యుయేషన్. యిది వండి వార్చినదే, కాని 180 రోజులే తినాలి. రెంటికీ ఆయుర్దాయం వున్నా, చావు తీరు వేరు.

ప్రివ్యూకి పుట్టినప్పుడే మరణ తేదీ రాసివుంటుంది. మీరు దాన్ని ఆర్నెల్లక్రితం యెక్కించారా, నిన్న సాయంత్రం యెక్కించారా అన్న విచారణ లేదు. ఆ తేదీ వస్తే అందరికీ ఒకటే. 2009 మే నెలలో విండోస్ 7 ముందస్తు ప్రతి పంచిపెట్టారు. అసలు సరుకు అదే యేడు అక్టోబరు 22న బజారుకొచ్చింది. మచ్చు పట్టుకుని వేళ్లాడినవారికి 2010 మార్చి 1 నుంచి రెండు గంటలకొకసారి యంత్రం దానంతటదే ఆగిపోవడం మొదలైంది. జూన్ 1తో గడువు పూర్తయింది.

ఒక్కొక్కప్పుడు ముహూర్తం పెట్టినవారికే చిక్కొస్తుంది. 2014 అక్టోబరులో సర్వరు టెక్నికల్ ప్రివ్యూ వదిలారు. మన హైదరాబాదులో పుట్టి పెరిగిన సత్య నాదెళ్లగారు ఆ కంపెనీకి పెద్ద అయిన యేడే అది. అంతకుముందు ఆయన చూసుకున్నదీ యీ సర్వర్ల వ్యాపారాన్నే. ఆ ప్రివ్యూకు 2015 ఏప్రిల్ 15 గడువు పెట్టారు. తీరా చూస్తే రెండో ప్రివ్యూ మే నెలకు గాని రాలేదు. నడుమ సందు పూడ్చడానికి వేరే సవరణ విడుదల చేయవలసివచ్చింది.

ఎవాల్యుయేషన్ సంగతి అలా కాదు. యెక్కించిన పది రోజుల్లోగా ఇంటర్నెట్టు ద్వారా హాజరు వేయించుకోవాలి. అక్కణ్ణుంచి 180 రోజులు. ఎస్ఎల్ఎంజీఆర్ అనే ఆజ్ఞకు డీఎల్వీ అని తోక తగిలిస్తే యెన్ని రోజులు మిగిలాయో, గడువు యింకెన్నిసార్లు పొడిగించుకోవచ్చో చెబుతుంది. రీఆర్మ్ అని తగిలిస్తే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. అదీ కొన్నిసార్లే. ప్రివ్యూ తేదీ మీద మాత్రం యీ మంత్రం పారదు. పొడిగింపులు కూడా అయిపోయాక సర్వరు గంటకొకసారి ఆగిపోతుంది. దాని దినచర్య పుస్తకంలో, లైసెన్సు గడువు తీరింది గనుక ఆపుతున్నానని మర్యాదగా రాసిపెట్టి మరీ ఆగుతుంది.

ఆ రాత చదివేవారుండాలి గదా! కోస్తాలో ఒక పట్నంలో నాకు తెలిసిన డాక్టరుగారొకరు రక్తపరీక్షల లేబరేటరీ నడుపుతున్నారు. ఒక వానాకాలం ఆయన నుంచి ఫోను.

"మాస్టారూ, మా సర్వరుకి మూర్ఛరోగం పట్టుకుంది. గంట పనిచేస్తుంది, పడిపోతుంది. కరెంటువాణ్ణి పిలిచాను, బ్యాటరీలు మార్చాను. లాభం లేదు."

వెళ్లి చూద్దును గదా, హాలునిండా జ్వరాల వాళ్లు. ఒక తల్లి పిల్లవాణ్ణి భుజాన వేసుకుని ప్లేట్లెట్ల లెక్క కోసం పొద్దుటినుంచీ కూచునివుంది. లెక్క తేలింది; అచ్చయి రావాల్సిన కాగితమే రావడంలేదు. ముందు ఆ అంకెలు చేత్తో రాయించి, డాక్టరుగారి సంతకం పెట్టించి పంపించాం. తరవాత సర్వరు తెర చూస్తే కుడిచేతి దిగువ మూల "ఎవాల్యుయేషన్" అని వుంది. మూడేళ్లక్రితం అమర్చిన ఆసామి పూర్తి ఖరీదు పుచ్చుకుని, మచ్చు యెక్కించి, పొడిగింపులన్నీ వాడి, చివరికి ఫోను నంబరు కూడా మార్చేశాడు.

అక్కడి కుర్రవాడు, "గడియారం వెనక్కి తిప్పేద్దామండీ" అన్నాడు. ఆ వుపాయం చాలామందికి తోస్తుంది. అయితే యిలాంటి ఆఫీసుల్లో లోపలికి రానిచ్చే కాపలాదారు పేరు కెర్బరోస్. గ్రీకువారి యమద్వారం దగ్గరుండే కుక్క పేరది. సర్వరు గడియారానికీ, బల్లమీది కంప్యూటరు గడియారానికీ అయిదు నిమిషాలకు మించి తేడా వస్తే అది యెవరినీ గడప తొక్కనివ్వదు. పైగా నెలలు వెనకబడిన గడియారంతో రోగి కాగితం మీద యే తేదీ పడుతుంది?

న్యాయమైన దారి వుంది. లైసెన్సు కొని, డిస్మ్ అనే ఆజ్ఞతో ఆ తాళంచెవి యిస్తే, మచ్చు అసలుగా మారుతుంది. లోపలి సరుకు చెక్కుచెదరదు. రెండు మెలికలు మాత్రం గమనించాలి. డేటాసెంటర్ రకం మచ్చు యెక్కిస్తే దాన్ని చౌకైన స్టాండర్డుగా మార్చడం కుదరదు. రెండోది, ఆ సర్వరే ఆఫీసుకంతటికీ పేర్లూ సంకేతపదాలూ చూసే డొమైన్ కంట్రోలరైతే అసలు మారనే మారదు. డాక్టరుగారిది సరిగ్గా అదే. మరో యంత్రం మీద అసలు సరుకు యెక్కించి, అధికారాలన్నీ దానికి అప్పజెప్పి, పాతదాన్ని పదవినుంచి దింపి, అప్పుడు మార్చాం. మధ్యమధ్య అది పడిపోతూనే వుంది. రెండు రాత్రులు పట్టింది. ప్రివ్యూ అయితే యీపాటి దారి కూడా నమ్ముకోరాదు. దస్త్రాలు దాచుకుని, కొత్తగా యెక్కించుకోవడమే మేలు.

"యిలా గొంతు పట్టుకోవడం కంపెనీవాళ్ల దౌర్జన్యం కాదూ?" అన్నారు డాక్టరుగారు.

నాకలా తోచదు. సగం వుడికిన ప్రివ్యూలో తప్పులుంటాయి. ఆ తప్పులు సరిదిద్దేది తరవాతి ప్రతిలోనే. గడువు లేకపోతే పాత కన్నాలతోనే అది పదేళ్లు తిరుగుతుంది. దొంగలకు వేరే ద్వారం అక్కరలేదు. ఎవాల్యుయేషన్ కథ వేరు. అందులో లోపం లేదు, అది వ్యాపారం. వారు గడువు దాచలేదు. దాచినవాడు మధ్యలో వున్నవాడు.

అంచేత మీ ఆఫీసులోనో, మీ పిల్లల బళ్లోనో సర్వరంటూ వుంటే, రేపు ఒకసారి దాని తెర కుడిచేతి దిగువ మూల చూడండి. అక్కడ రోజుల లెక్క కనిపిస్తే అమర్చినవాణ్ణి పిలిచి రసీదు అడగండి. అతని ఫోను నంబరు మారకముందే అడగండి.