ఉన్నత పాఠశాలలో చదువరాని పిల్లలు

"అక్షరములు నేర్పుట ప్రాథమిక పాఠశాల పని, మా పని పాఠము చెప్పుట" అని ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులు పలువురు వాదించుచుందురు. ఈ వాదము పైకి న్యాయముగనే కనబడును. కాని దీనివలన నష్టపోవువాడు ప్రాథమికోపాధ్యాయుడు గాడు, ఉన్నతోపాధ్యాయుడును గాడు. ఎనిమిదవ తరగతి వెనుకబల్లమీద గూర్చుండి, చదువుమనగనే తల వంచుకొను పదుమూడేండ్ల బాలుడు.

ఇట్టివారు ఏ నలుగురో యని కొట్టివేయ వీలులేదు. ప్రథమ్ సంస్థవారి అసర్ నివేదిక 2023లో 28 జిల్లాల గ్రామములందు 14 మొదలు 18 ఏండ్లవారిని పరీక్షించినది. నూటికి సుమారు 25 మంది తమ ప్రాంతీయ భాషలో రెండవ తరగతి వాచకమునైన ధారాళముగ చదువలేకపోయిరి.

చదువరానివాడనగా అక్షరములు రానివాడని లోకులు తలంతురు. అది పొరపాటు. వీరిలో పెక్కండ్రకు అక్షరములు వచ్చును, గుణింతములు వచ్చును, ఒత్తులకడ తడబడుదురు. ఒక్కొక్క అక్షరము కూడబలుకుకొని వాక్యము చివరకు వచ్చునప్పటికి మొదలు మరచిపోవుదురు. మరికొందరు గడగడ చదివెదరు గాని, చదివినదేమని యడిగిన తెల్లబోవుదురు. ఇవి రెండును వేరు వేరు జబ్బులు. మన బడులలో రెండింటికి నొకటే మందు: "పాఠము పదిసార్లు వ్రాసికొని రమ్ము!"

విజ్ఞానశాస్త్ర వాచకములో 'కిరణజన్యసంయోగక్రియ' యను మాట గలదు. మేము సంస్కృతము చదివినవారము గనుక ఆ సమాసపు సొంపు మాకు తెలియును. కాని కిరణమన వెలుగుచార, జన్యమన పుట్టినది, సంయోగమన కలయిక యని విడదీసి చూపనిచో, ఇంట తెలంగాణపు పలుకుబడియో, గుట్టలమీద గోండీ, కొలామీ భాషలో మాటలాడు లక్సెట్టిపేట ప్రాంతపు బాలునకు అది కోటగోడయే. విడదీయవలసినవారెవరు? తెలుగు పండితుడని శాస్త్రోపాధ్యాయుడనును. పండితుడా గదిలో లేడు! ఇక నేడు వాచకమున ఒకవైపు తెలుగు, వేరొకవైపు ఆంగ్లము అచ్చగుచున్నవి. ఒకటి చదువలేనివాడు రెంటిని చూచి బెదరక యేమి చేయును?

ఉపాధ్యాయులను నిందించుట మా యుద్దేశము గాదు. నేర్పనివిద్య వారికెట్లు వచ్చును? బి.ఇడి. శిక్షణ 2015 నుండి రెండేండ్లైనది. అన్ని విషయములలో భాషాబోధన యను పత్రమును చేరినది. సంతోషమే. కాని ఆ పత్రమున నుత్తీర్ణుడైన యువకునకు, తడబడు నొక్క బాలునిచెంత గూర్చుండి, వాడు చదువుచుండగా విని, ఏ అక్షరముకడ ఆగెనో గుర్తించుకొను అవకాశ మెన్నడైన గలిగెనా యని యడుగుచున్నాము. 2021 నాటి నిపుణ్ భారత్ మూడవ తరగతితో నిలిచినది. మన రాష్ట్రమున 2022లో తొలిమెట్టు అయిదవ తరగతివరకు, 2023లో ఉన్నతి పై తరగతులకు వచ్చినవి. పేర్లు మంచివే. అయినను శిక్షణమనగా సభామందిరమున తెరమీది బొమ్మలు చూచి సంతకము చేసి వచ్చుట గాదు.

"వయసు మీరినవానికి చదువు రాదు" అనువారికి దూరదేశపు దృష్టాంతములక్కరలేదు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీము నేలకొరిగిన పిమ్మట, గోండుల స్థితిని పరిశీలించిన హైమెండార్ఫు పండితుని ప్రేరణచే 1943లో మా పాత ఆదిలాబాదు జిల్లా మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణశాల వెలసినది. కొద్దిపాటి చదువు గల గోండు యువకులనే చేర్చుకొని, దేవనాగరి లిపిలో గోండీ వాచకములు కూర్చి, వారినే తమ గూడెములకు ఉపాధ్యాయులుగ తయారు చేసిరి. వయసు అడ్డు రాలేదు. వారి నోటి భాషనుండియే చదువు మొదలైనది గదా.

పదుమూడేండ్లవానిచేతికి పసిపిల్లల వాచకమిచ్చి అవమానింపరాదు. వాని యీడుకు తగిన కథ, వానికి చేతనైన వాక్యములలో కావలయును. అట్టి పుస్తకములు మనవారు వ్రాయవలయును. ఇంటిలోని పెద్దలును వానిని మొద్దు అని పిలుచుట మానవలయును.

వచ్చు జూనులో బడులు తెరచినప్పుడు ప్రతి ఉన్నత పాఠశాలలోను ఎనిమిదవ తరగతి పిల్లల నొక్కొక్కరిని పిలిచి పదేసి నిమిషములు చదివించి విననిండు. నలువదిమందికి నాలుగువందల నిమిషములు. ఏడు గంటలైన పట్టదు. దీనికి ధనమక్కరలేదు, తెర యక్కరలేదు. ప్రభుత్వోత్తరువే కావలయుననువారు, దానినైనను నేడే తెప్పింతురు గాక.