కవలలకు టీకాలు: ‘కాస్త బరువు పెరగనివ్వండి’ అనే మాట గురించి

నర్సీపట్నం పరిసరాల్లో కవలలు పుట్టిన ఇంట తరచుగా వినిపించే మాట ఒకటుంది: ‘పిల్లలు మరీ చిన్నగా ఉన్నారు, కాస్త బరువు పెరగనివ్వండి, సూదుల సంగతి తర్వాత చూద్దాం.’ ప్రేమతో అనే మాటే. అయినా తప్పు మాట. అమ్మమ్మలూ నాయనమ్మలూ మాత్రమే అంటే ఇంత కటువుగా రాయవలసిన పని ఉండేది కాదు. మందుల దుకాణాల్లో అంటున్నారు, ఆర్‌ఎంపీలు అంటున్నారు, అక్కడక్కడ చదువుకున్న వైద్యులూ తలూపుతున్నారు. అందుకే ఖండిస్తున్నాను.

మీరు ఒక్కసారి ఆలోచించండి. గర్భంలోని బిడ్డకు తల్లి నుండి యాంటీబాడీలు ప్రధానంగా చేరేది చివరి మూడు నెలల్లో. కవలలు చాలామంది నెలలు నిండకముందే పుడతారు. అంటే తల్లి కట్టి పంపవలసిన సద్దిమూట పూర్తికాకుండానే ప్రయాణం మొదలైంది. రెండు కిలోల చిల్లర బరువున్న బిడ్డకు లోకంలోని క్రిములను ఎదుర్కొనే శక్తి నిండు నెలల బిడ్డకన్నా తక్కువ. అటువంటి బిడ్డకు టీకా ఆలస్యం చేయడమంటే, గొడుగు లేనివాడిని వాన తగ్గేదాకా బయటే నిలబడమనడం. బరువు తక్కువ అనేది టీకాను వాయిదా వేయడానికి కారణం కాదు, త్వరగా వేయించడానికి కారణం.

లెక్క కూడా తేలిక. నెలలు తక్కువ పుట్టినా, టీకా వయసును పుట్టిన తేదీ నుండే లెక్కించాలి. ఆరో వారం అంటే పుట్టిన ఆరో వారమే. మోతాదు కూడా బరువునుబట్టి మారదు. పెంటావాలెంట్ పెద్దవాడికి అర మిల్లీలీటరు, చిన్నదానికీ అర మిల్లీలీటరే. ‘చిన్నదానికి సగం వేయండి’ అని సిస్టరును బతిమాలే బంధువులను నేను చూశాను. సగం వేస్తే రక్షణ సగం రాదు. ఎంత వస్తుందో ఎవరూ చెప్పలేరు. మినహాయింపు ఒకటుంది. రెండు కిలోల లోపు పుట్టినవారికి, లేదా పుట్టగానే వెచ్చని పెట్టెలో ఉంచవలసి వచ్చినవారికి, బీసీజీ, తొలి హెపటైటిస్ బి టీకాలను వైద్యుడు కొంత వెనక్కి జరపవచ్చు. తల్లికి హెపటైటిస్ బి ఉంటే మాత్రం ఆ టీకా, బరువు ఎంతైనా, ఆలస్యం చేయకూడదు. ఈ నిర్ణయం చేయవలసింది బిడ్డను పరీక్షించిన వైద్యుడు. వీధి అరుగు మీద కూర్చున్న పెద్దమనిషి కాదు.

కోరింత దగ్గు ఆరు నెలల లోపు పిల్లలకు ప్రాణాంతకం. దగ్గుతూ దగ్గుతూ ఊపిరి ఆగిపోతుంది. తట్టు సంగతి మరీ ఘోరం: రక్షణ లేనివారు పది మంది దగ్గరగా ఉంటే దాదాపు తొమ్మిది మందికి అంటుకుంటుంది. ఒకే ఉయ్యాలలో, ఒకే పక్కలో పడుకునే కవలల్లో ఒకరికి వస్తే రెండోవారిని కాపాడే ఉపాయం ముందుగా వేసిన టీకా తప్ప వేరొకటి లేదు.

ఇక రెండో సాకు జలుబు. కవలలకు జలుబు వంతులవారీగా వస్తుంది. ఈ వారం ఒకరికి, పై వారం మరొకరికి. ‘ఇద్దరూ బాగున్న రోజు’ కోసం ఎదురుచూసే ఇంట్లో ఆ రోజు రానే రాదు. మామూలు జలుబు, దగ్గు, కొద్దిపాటి వెచ్చదనం, ఒకటి రెండు పలుచని విరేచనాలు టీకాకు అడ్డు కావు. తీవ్రమైన జ్వరంతో నీరసించిన బిడ్డను ఆపవచ్చు. అప్పుడు కూడా ఆరోగ్యంగా ఉన్న రెండో బిడ్డను ఎందుకు ఆపాలి? జంటగా పుట్టినంత మాత్రాన అన్నీ జంటగానే జరగాలని ఏ శాస్త్రమూ చెప్పలేదు.

మన ఆచారంలో ఒక చిక్కుంది. కాన్పు పుట్టింట, మూడో నెలలోనో అయిదో నెలలోనో అత్తింటికి ప్రయాణం. సరిగ్గా అప్పుడే పద్నాలుగో వారం టీకా జారిపోతుంది. చింతపల్లిలోనో కొయ్యూరులోనో మొదటి విడత వేయించుకున్న బిడ్డ నర్సీపట్నం వచ్చేసరికి, ‘ఆ కార్డు ఇక్కడ చెల్లదేమో’ అని ఇంటివారు ఊరుకుంటారు. చెల్లుతుంది. తల్లీబిడ్డల రక్షణ కార్డు ఏ ఊరిలోనైనా చెల్లుతుంది. ఏ ఉపకేంద్రంలోనైనా ఉచితంగా వేస్తారు. మరొక మాట, ఇది తండ్రులకు. ఇద్దరు పసిబిడ్డలను ఒక్క బాలెంత ఆటోలో ఎలా తీసుకువెళుతుంది? ఒకరిని ఇంట్లో వదిలి ఒకరినే తీసుకువెళుతుంది. ఆ వదిలిన బిడ్డ తరచుగా బలహీనంగా ఉన్న బిడ్డే అవుతుంది. ఆ పూట పని మానుకుని వెంట వెళ్లడం మీ ధర్మం.

రాయడానికి మనసొప్పని సంగతి ఒకటి రాయక తప్పదు. కవలల్లో ఒక మగబిడ్డ, ఒక ఆడబిడ్డ ఉన్నప్పుడు, బాబుకు ప్రైవేటులో ‘నొప్పి లేని టీకా’, పాపకు ‘తర్వాత చూద్దాం’ అన్న ఇళ్లు నాకు తెలుసు. ఆ ఖరీదైన టీకాతో జ్వరం తక్కువగా వస్తుంది, నిజమే. రక్షణ మాత్రం ఎక్కువేమీ కాదు. ఆ డబ్బు మిగుల్చుకుని ఇద్దరినీ ప్రభుత్వ కేంద్రానికి తీసుకువెళ్లండి. రోటా టీకాను 2016లో దేశంలో మొదట ప్రారంభించిన నాలుగు రాష్ట్రాల్లో మనది ఒకటి. ప్రభుత్వ టీకా అంటే నాసిరకమన్న అపోహకు ఆధారం లేదు.

ఆరోగ్య సిబ్బందికీ చెప్పవలసినది ఉంది. పిల్లలు తక్కువ వచ్చారని, సీసా వృథా అవుతుందని తల్లులను తిప్పిపంపకండి. ఒక్క బిడ్డ వచ్చినా సీసా తెరవాలన్నదే నియమం. కవలలకు రెండు వేర్వేరు కార్డులు ఉండాలి. ఒకే పోలికతో ఉన్న ఇద్దరిలో ఒకరికి రెండుసార్లు వేసి, మరొకరిని వదిలేసే ప్రమాదం కల్పన కాదు. తల్లులారా, ఒకరి చేతికి నల్లదారం కట్టండి, ఆ గుర్తును కార్డు మీద రాయించండి, ఒకరి పని పూర్తయ్యాకే రెండోవారిని అందించండి.

టీకాలంటే భయపడేవారు 2019 మార్చిలో హైదరాబాదు నాంపల్లిలో జరిగిన దారుణాన్ని గుర్తుచేస్తారు. గుర్తుచేయవలసిందే. టీకా వేసిన తర్వాత జ్వరానికి ఇచ్చే పారాసెటమాల్‌కు బదులు ట్రామడాల్ మాత్రలు చేతిలో పెట్టారు. పసిబిడ్డల ప్రాణాలు పోయాయి. అక్కడ హంతకి టీకా కాదు, చదవకుండా అందించిన మాత్ర. కాబట్టి టీకాను మానకండి, మాత్ర పేరు చదవండి. చదవలేకపోతే సిస్టరుతో చదివించుకోండి. కవలల ఇంట్లో ఇంకొక జాగ్రత్త. పారాసెటమాల్ చుక్కల మందు ఒక మిల్లీలీటరులో సాధారణంగా 100 మిల్లీగ్రాములు ఉంటుంది; సిరప్ అయితే 25 మాత్రమే. సిరప్ కొలతతో చుక్కల మందు పోస్తే నాలుగు రెట్లు పోసినట్లు. మోతాదు బిడ్డ బరువునుబట్టి, కిలోకు 10 నుండి 15 మిల్లీగ్రాములు. కాబట్టి ఇద్దరికీ ఒకే కొలత కాకపోవచ్చు. రాత్రివేళ నిద్రమత్తులో అమ్మ ఒకసారి, అమ్మమ్మ ఒకసారి ఒకే బిడ్డకు పోయకుండా, ఎవరికి ఎన్ని గంటలకు పోశారో గోడ క్యాలెండరు మీద రాయండి. జ్వరం రెండు రోజులు దాటినా, బిడ్డ పాలు తాగకపోయినా, మగతగా ఉన్నా, మూర్ఛ వచ్చినా ఆసుపత్రికి వెళ్లండి.

ఇప్పటికే ఆలస్యమైనవారు సిగ్గుపడి ఇంట్లో కూర్చోవద్దు. మొదటి నుండి మళ్లీ వేయనవసరం లేదు; ఆగిన చోటి నుండి కొనసాగిస్తారు. ఏడాది లోపు పెంటా, రోటా మొదలుపెట్టవచ్చు. ఏడాది దాటితే రోటా మొదలుపెట్టరు, పెంటాకు బదులు డీపీటీ వేస్తారు. తట్టు–రుబెల్లా టీకా అయిదేళ్ల వరకు వేస్తారు. కార్డు పోయినా ఫరవాలేదు, పిల్లలిద్దరినీ తీసుకుని వెళ్లండి.