దాత పేరు గోడమీద, తల్లి సంతకం రిజిస్టరులో

పరిశోధన పనిమీద ఒక పల్లెలోని ఉన్నత పాఠశాలకు వెళ్లాను. ఆడపిల్లలకు మరుగుదొడ్లు కట్టించిన దాత పేరు పాలరాతి ఫలకం మీద మెరుస్తోంది. తలుపులకు తాళం. నీళ్లు లేవు, శుభ్రం చేసే మనిషీ లేదు. బహిష్టు రోజుల్లో బడికి రావడం లేదని ఎనిమిదో తరగతి పిల్లలు చెప్పారు.

దాతల మంచి మనసును నేను శంకించడం లేదు. కానీ దానం ఒకసారి ఇస్తే అయిపోతుంది, బడి మాత్రం రోజూ నడవాలి. ఆయా జీతానికీ, మోటారు మరమ్మతుకూ శిలాఫలకాలుండవు. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు తమ సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలి. విద్య కూడా అందులో ఒక అంశం. అయితే ఆ డబ్బు ఏ పనికి వెళ్లాలో తేల్చేది కంపెనీ బోర్డే.

2009 విద్యాహక్కు చట్టం తీరు వేరు. పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, మొత్తం సభ్యుల్లో సగం మంది స్త్రీలు ఉండాలంది. బడి అభివృద్ధి ప్రణాళికను ఆ కమిటీయే తయారుచేయాలంది. ఆచరణలో జరుగుతున్నదేమిటి? ఆ ఊళ్లో రిజిస్టరును ఇళ్లకు పంపి సంతకాలు తీసుకుంటున్నారు. "దేనికమ్మా ఈ సంతకం?" అని ఒక సభ్యురాలిని అడిగాను. "సారు పెట్టమన్నారు" అంది. "నిన్నే అడిగితే బడికి ఏం కావాలంటావు?" అన్నాను. తడుముకోకుండా చెప్పింది: "ముందు నీళ్లు. ఆ తర్వాత ఒక ఆయా."

ఈ మాట ముందే విని ఉంటే ఆ తలుపులకు తాళం పడేది కాదు.

1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్‌కు సేవాసంస్థల శక్తి బాగా తెలుసు. అయినా 1958లో ఆమె అధ్యక్షతన ఏర్పడిన జాతీయ స్త్రీవిద్యా కమిటీ, బాలికల చదువును ప్రత్యేక సమస్యగా గుర్తించాలని ప్రభుత్వాన్నే కోరింది. దాతల ఉదారతకు వదిలేయలేదు.

దాతలు ఇవ్వవద్దని కాదు. ఇచ్చేముందు ఆ తల్లులతో కూర్చోవాలి. రోజువారీ ఖర్చును ప్రభుత్వం హక్కుగా భరించాలి. మన మహిళా సంఘాలు చేయాల్సిన పని కూడా ఉంది: ప్రతి ఊళ్లో కమిటీ సభ్యురాళ్లను కలిసి, చట్టం చదివి వినిపించి, సమావేశం జరగకుండా సంతకం పెట్టవద్దని చెప్పాలి. బడికి కావాల్సిన నాయకత్వం ఆ ఊళ్లోనే ఉంది. దాన్ని అడిగేవాళ్లే లేరు.