మన ద్రోణంరాజు మనకెందుకు కాకుండా పోయారు?

ఖరగ్‌పూర్‌లో ఏ తెలుగు పిల్లాణ్ని అడిగినా స్టేషన్ ప్లాట్‌ఫారం పొడవు తడుముకోకుండా చెబుతాడు: 1,072 మీటర్లు, ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనది. మంచిదే. కృష్ణ ద్రోణంరాజు ఎవరని అడగండి. పిల్లల మాట సరే, పెద్దలు చెప్పగలరా?

ఆయన 1937లో పిఠాపురంలో పుట్టారు. అక్కడ రైలెక్కి హౌరా చేరాలంటే మన ఖరగ్‌పూర్ దాటాల్సిందే. జన్యుశాస్త్రాన్ని లెక్కల మీద నిలబెట్టిన ముగ్గురు మహామహుల్లో ఒకరైన హాల్డేన్, 1957లో ఇంగ్లండు వదిలి కలకత్తాలోని భారత గణాంక సంస్థకు వచ్చేశారు. ఈ తెలుగు కుర్రాణ్ని శిష్యుడిగా చేర్చుకున్నారు.

ఆ శిష్యుడు పట్టుకున్న పనిముట్లేమిటి? కళ్లూ, కాగితమూ, ఓపికా. నారింజ పూల లాంటానా, గులాబీ పూల లాంటానా కలిసి పెరిగే చోట ఏ జాతి సీతాకోకచిలుక ఏ రంగు మీద వాలుతోందో లెక్కపెట్టారు. కొన్ని జాతులు ఒక రంగునే ఎంచుకుంటున్నాయి. అంటే పుప్పొడి కూడా ఆ రంగు పూల మధ్యనే తిరుగుతుంది. పక్కపక్కనే ఉన్న మొక్కలు సైతం కాలం గడిచేకొద్దీ రెండు జాతులుగా విడిపోవచ్చు. ఎంత చిన్న పని, ఎంత పెద్ద ఆలోచన! 1960లో 'నేచర్' పత్రిక దాన్ని అచ్చువేసింది. అప్పటికి ఆయనకు ఇరవైమూడేళ్లు.

మరో పరిశోధనలో, చెవి డొప్పల మీది వెంట్రుకలు తండ్రి నుంచి కొడుక్కే వస్తాయా అని వంశవృక్షాలు గీశారు. అది నిజంగా తండ్రి నుంచి కొడుక్కే అందే వై క్రోమోజోమ్ పనేనా అని తర్వాతి వాళ్లు శంకించారు. శంకించడానికైనా ఆయన లెక్కల దగ్గరికే రావాల్సి వచ్చింది. సహ పరిశోధకుడు మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రలో మేనరికాల మీద 1963లో వ్యాసం వెలువరించారు. మేనరికం ఎవరి సంగతండీ? రైల్వే క్వార్టర్లలో తరాలు గడిచినా సంబంధం కోసం శ్రీకాకుళం వెళ్లి మేనమామ కూతుర్నే తెచ్చుకున్న ఇళ్లు ఈ ఊళ్లో లేవా? మన ఇళ్ల గురించి మనవాడు రాసింది మనకే తెలియకపోవడం కంటే అన్యాయం ఉందా?

అమెరికా వెళ్లాక గురువు పేరు నిలబెట్టడానికి పుస్తకం మీద పుస్తకం రాశారాయన. 2020లో కన్నుమూశారు. ఆయన పేరు నిలబెట్టాల్సింది ఎవరు?

తెలుగు సంఘాల పెద్దలారా, ఉగాది వేదిక మీద ఆయన పటం పెట్టడానికి ఏం అడ్డొచ్చింది? విద్యాశాఖ అధికారులారా, ఆ వ్యాసాలు తెలుగులోకి తేవడానికి ఎంత ఖర్చవుతుంది? పిఠాపురం పాఠశాలల్లోనైనా ఆయన కథ పాఠం కావద్దా? లాంటానా దొరకని ఊరు లేదు. పదిమంది పిల్లల్ని పొద్దుటే ఆ పొదల ముందు కూర్చోబెట్టి సీతాకోకచిలుకలను లెక్కపెట్టించడానికి ఏ జీవో రావాలి?