తుప్పు వేరు, చిలుము వేరు

పిల్లలూ! ఈ నెల మీకొక పాత స్కూటరు సంగతి చెబుతాను. ఇందులో నేను చేసిన తప్పు కూడా ఒకటి ఉంది. దాన్ని దాచను. మేష్టర్లు తప్పులు చెయ్యరని మీలో ఎవరైనా అనుకుంటూ ఉంటే, ఆ భ్రమ ఇవాళ తీరిపోతుంది.

మా అన్నగారు పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా పనిచేశారు. జమ్మలమడుగు చుట్టుపక్కల పల్లెలన్నీ ఆయన ఒక బజాజ్ చేతక్ స్కూటరు మీదనే తిరిగారు. ఈ చేతక్ బండ్లు 1972లో వచ్చాయి. రాణా ప్రతాపుడి గుర్రం పేరే వాటికి పెట్టారు. ఆ రోజుల్లో ముందుగా డబ్బు కట్టి, ఏళ్ళ తరబడి కాచుకుంటేగాని బండి చేతికి వచ్చేది కాదు. అన్నగారి బండి 1974 నాటిది. ఆయన పోయిన తరవాత అది జమ్మలమడుగు ఇంటి కొట్టంలో, కడప బండల మీద, గోనెసంచుల కింద పడి ఉంది. మా వదినగారు ఇప్పుడు పులివెందులలో కొడుకు దగ్గర ఉంటున్నారు.

"నువ్వే తీసుకుపోయి బాగుచేయించు నాయనా. నడిస్తే ఒకసారి తెచ్చి నాకు చూపించు," అన్నారామె.

బండిని ఆటోలో వేయించి ప్రొద్దుటూరు తెచ్చాను. మా మనుమడు ఏడో తరగతి చదువుతున్నాడు. వాడు బండిని చూసి ముక్కు చిట్లించాడు.

"జేజినాయనా, దీనికి ఎర్రరంగు కొట్టిద్దాం. అద్దం మాదిరి మెరవాల!" అన్నాడు.

వాడి ఉత్సాహం నాకూ అంటుకున్నది. ఆదివారం పొద్దున్నే ఇద్దరం గరుకు కాగితాలు పట్టుకుని బండి ఎడమ పక్క రేకు మీద పడ్డాం. మట్టీ, నూనె మకిలీ, వెలిసిన ఆకుపచ్చ రంగూ అన్నీ ఒక్కసారే లేచిపోయాయి. మధ్యాహ్నానికి రేకు వెండిలాగా మెరిసింది. మా గొప్పకు మేమే మురిసిపోయాం.

కుడి పక్కకు వచ్చేసరికి గరుకు కాగితాలు అయిపోయాయి. అంగడి మూసి ఉన్నది. సరేనని సబ్బునీళ్ళూ గుడ్డా తీసుకుని తుడవసాగాం. మట్టి కరిగినకొద్దీ దాని అడుగు నుంచి ఏవో తెల్లని గీతలు పైకి వచ్చాయి. మొదట ఒక కొమ్ము కనిపించింది. తరవాత ఎద్దు తల. దాని కింద కుంచెతో, ముచ్చటైన చేతిరాతతో, "పశువైద్యము" అని ఉన్నది!

మావాడు మెల్లిగా లేచి ఎడమ పక్కకు పోయాడు. మెరిసిపోతున్న రేకును కాసేపు చూశాడు.

"జేజినాయనా, ఈ పక్క కూడా ఏమన్నా ఉన్నిందేమో!" అన్నాడు.

నేనేమి చెప్పను? ఉంటే ఉండి ఉంటుంది. ఇక తెలుసుకునే దారి లేదు. రంగు ఈ రోజు వెయ్యకపోతే రేపు వెయ్యవచ్చు. గీకినది మాత్రం తిరిగి రాదు. కడిగి చూడకుండానే గీకటం మొదలుపెట్టాను. అదీ నా తప్పు.

ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని ఆలోచించాం. పాత వస్తువు మీద కాలం చాలా పనులు చేస్తుంది. వాటిలో ఏది తీసెయ్యాలి? ఏది ఉంచాలి? దీనికి మన తెలుగు మాటలే దారి చూపిస్తాయి. మకిలి, తుప్పు, చిలుము అని మనకు మూడు మాటలున్నాయి. మూడూ ఒకటి కావు.

మకిలి బయటి నుంచి వచ్చి అంటుకున్నది. అది సబ్బునీళ్ళతో పోతుంది.

తుప్పు ఇనుములోంచే పుడుతుంది. ఇనుమూ, నీరూ, గాలిలోని ఆక్సిజనూ కలిస్తే తుప్పు అవుతుంది. అది తాను పుట్టిన ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందువల్ల ఉబ్బి, పగిలి, పెచ్చులుగా రాలుతుంది. ఆ పగుళ్ళలోంచి నీరూ గాలీ ఇంకా లోపలికి పోతాయి. ఇనుము ఉన్నంతవరకూ తుప్పు ఆగదు. తుప్పు ఒక రోగం.

చిలుము అట్లా కాదు. రాగి ఎండకూ వానకూ ఉంటే మొదట గోధుమరంగుకు తిరిగి, ఏళ్ళు గడిచాక ఆకుపచ్చ పూత కట్టుకుంటుంది. ఈ పూత పలచగా, గట్టిగా అంటిపెట్టుకుని, లోపలి రాగిని కాపాడుతుంది. తినే పాత్రల్లో చిలుము ఉంటే ప్రమాదం. వాటిని చింతపండుతో తోమవలసిందే. కాని ఆరుబయట నిలిచే రాగికి ఆ పూతే చొక్కా.

(ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళను చూసిన పిల్లలు, "మరి బంగారమో?" అని అడగవచ్చు. మేలిమి బంగారం గాలికీ నీటికీ లొంగదు. దానికి తుప్పూ లేదు, చిలుమూ లేదు.)

న్యూయార్కు రేవులో స్వేచ్ఛా విగ్రహం ఉన్నది. 1886లో దాన్ని ప్రారంభించినప్పుడు అది కొత్త రాగిరంగులో ఉండేది. పోనుపోను ఆకుపచ్చ అయింది. 1906లో దానికి రంగు వేద్దామన్న మాట వచ్చింది. జనం ఒప్పుకోలేదు. 1986లో దాని నూరేళ్ళ పండుగ వచ్చేనాటికి పెద్ద మరమ్మతు జరిగింది. అప్పుడేమి చేశారో తెలుసా? పైనున్న ఆకుపచ్చ పూతను అట్లాగే ఉంచారు. రాగిరేకును లోపలి నుంచి పట్టుకుని ఉన్న ఇనుప బద్దలు తుప్పుపట్టి చెడిపోతే, వాటిని తీసి తుప్పుపట్టని ఉక్కు బద్దలు వేశారు. చిలుము ఉన్నది, తుప్పు పోయింది!

"మన బండికీ అట్లే చేద్దాం," అన్నాడు మావాడు.

మరునాడు మెకానిక్కును పిలిచాం. కాళ్ళు పెట్టే చోట రబ్బరు పట్ట లేపి చూస్తే, కింద రెండు చిల్లులున్నాయి. ఇది చిన్న సంగతి కాదు. ఈ జాతి స్కూటర్లకు తల్లి ఇటలీ దేశపు వెస్పా. 1946లో దాన్ని రూపొందించిన కొర్రాదీనో దస్కానియో విమానాల ఇంజనీరు. ఆయన స్కూటరుకు వేరే చట్రం పెట్టలేదు. ఒత్తి మలిచిన ఉక్కు రేకే ఒళ్ళు, అదే చట్రం. మనకు చర్మం లోపల ఎముకలున్నాయి. చేతక్‌కు చర్మమే ఎముక! అందుచేత ఆ అడుగురేకులో తుప్పును మర్యాద చెయ్యకూడదు. చెడినంతమేర కోసేసి కొత్త రేకు అతికించారు. బ్రేకులూ, తీగలూ, టైర్లూ కొత్తవి వేయించాం. ప్రాణంతో పని ఉన్నచోట పాతదనం మీద మమకారం పనికిరాదు.

గట్టిగా అంటుకుని ఉన్న పాత రంగు జోలికి పోలేదు. నీరు దిగకుండా దాని మీద మైనం రుద్దాం. రంగు లేచి పలచగా తుప్పు పట్టిన చోట్ల మెకానిక్కు ఒక ద్రావకం పూశాడు. ఎర్రని తుప్పు చూస్తూ ఉండగా నల్లబడింది!

ఇది మనకు కొత్త విద్య కాదు. శ్రీకాళహస్తిలో కలంకారీ పనివారు గుడ్డను కరక్కాయ కలిపిన పాలలో తడిపి ఆరబెడతారు. తుప్పు ఇనుప ముక్కలను బెల్లపు నీళ్ళలో వారాల తరబడి నానబెట్టి, ఆ కసిమితో గుడ్డమీద గీస్తారు. గీసిన గీత నల్లబడి నిలిచిపోతుంది. కరక్కాయలోని టానిన్ అనే వగరు పదార్థమూ, ఇనుమూ కలిస్తే నలుపు పుడుతుంది. తుప్పును మాన్పే ద్రావకాలు కొన్ని ఈ టానిన్‌తోనే చేస్తారు. మరికొన్నిటిలో ఫాస్ఫారిక్ ఆమ్లం ఉంటుంది. ఢిల్లీలో 1,600 ఏళ్ళ నాటి ఇనుప స్తంభం ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉన్నదంటే, ఆ ఇనుములో ఉన్న భాస్వరం దాని మీద ఒక పలచని రక్షణపొర కట్టించింది. అంటే ఒక్కొక్కప్పుడు ఇనుముకు కూడా చిలుము వంటిది దొరుకుతుందన్నమాట!

ఎడమ పక్క రేకుకు పాత ఆకుపచ్చలోనే సాదా రంగు వేయించాం. కుడి పక్క రేకుకు ఒక సొట్ట ఉన్నది.

"రెండు నిమిషాల పని సార్, సుత్తితో తీసేస్తా," అన్నాడు మెకానిక్కు.

"వద్దన్నా!" అని మావాడు అడ్డం వచ్చాడు. "అదేందో మనకు తెలీదు. తెలీకుండా తీయకూడదు."

నాకు చాలా సంతోషం కలిగింది. పాఠం నా తప్పు నుంచే వచ్చినా, వాడు బాగా నేర్చుకున్నాడు.

కాగితాలు సరిచేయించుకుని, ఒక తెల్లవారుజామున ముద్దనూరు మీదుగా పులివెందులకు బయలుదేరాం. చప్పుడు వినగానే వదినగారు వాకిట్లోకి వచ్చారు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, సొట్ట మీద చెయ్యి పెట్టి నవ్వారు.

"ఇది ఒక ఎద్దు పొడిచిన పోటు. సూది వేస్తే దానికి కోపం వచ్చింది. మీ అన్న తప్పించుకున్నాడు, బండికి తగిలింది. బాగుచేయించమంటే, ఉండనీలే, అది నాకిచ్చిన ఫీజు అనేవాడు."

తరవాత ఆమె ఎడమ పక్కకు వచ్చి ఆగిపోయారు.

"ఈ పక్క ఆవూ దూడా ఉండేవి కదా?"

జరిగినదంతా చెప్పాను. ఆమె కొంతసేపు మాట్లాడలేదు. మావాడు తల వంచుకుని, "అవ్వా, నేను మళ్ళా గీస్తా. అచ్చం అట్లాగే గీస్తా," అన్నాడు.

"అచ్చం అట్లాగే ఎందుకు నాయనా? నువ్వు చూడలేదు కదా. నీకు వచ్చినట్టు గీయి. కింద నీ పేరూ, సంవత్సరమూ రాయి. పాతదని ఎవరూ పొరపడకూడదు," అన్నారు వదినగారు.

మావాడు ఇప్పుడు రోజూ ఆవునూ దూడనూ కాగితం మీద గీస్తున్నాడు. బాగా కుదిరిన తరవాతే రేకు మీద గీస్తాడట.

మీకొక పని: పాలూ చక్కెరా లేని చిక్కని టీ నీళ్ళలో తుప్పుపట్టిన మేకును ఒక రాత్రి ఉంచి, తెల్లవారి రంగు చూడండి. పెద్దవాళ్ళకు చెప్పి చెయ్యండి. ఆ నీళ్ళు తాగవద్దు. తరవాత మీ ఇంట్లో ఒక పాత వస్తువును తీసుకుని, దాని మీద మకిలి ఎంత, తుప్పు ఎంత, చిలుము ఎంత అని రాసుకోండి. దేన్నయినా గీకేముందు మీ అవ్వనో తాతనో దాని కథ అడగటం మరిచిపోకండి.